చీమకుర్తి రాయి కర్రారా రేవులో దిగిన వారం

2017 ఆగస్టు చివరి వారంలో కృష్ణపట్నం రేవులో మా ఓడకు ఎక్కించిన సరుకు ఒకే ఒక్క రకం. చీమకుర్తి నల్ల గ్రానైటు దిమ్మలు, లెక్కకు 1,012, తూకానికి 18,600 టన్నులకు కాస్త అటూ ఇటూ. దించవలసిన చోటు ఇటలీ పడమటి తీరాన, టస్కనీ ప్రాంతానికి వాయవ్య మూలన ఉన్న మరీనా ది కర్రారా. నేను అప్పుడు ఆ ఓడలో సెకండ్ ఆఫీసరును. మాది ఒంగోలు దగ్గరి పల్లె. మా నాన్న చీమకుర్తి క్వారీల్లో ఇరవై ఏళ్లకు పైగా డ్రిల్లింగు పని చేశారు. అందువల్ల ఈ రాయి సంగతి ఓడ మొత్తం మీద నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదన్న ధీమా నాకు ఉండేది. అది ఎన్నాళ్లు నిలిచిందో ముందు ముందు చెబుతాను.

దిమ్మలు మోసే ఓడ హోల్డులోకి, అంటే సరుకు నింపే గదిలోకి, తొంగి చూసినవాళ్లు ఇది సగం ఖాళీగా పోతోందేమిటని అనుకుంటారు. బ్లాక్ గెలాక్సీ అన్న పేరుతో అమ్ముడయ్యే ఈ రాతి ఒంట్లో బంగారు రవ్వల్లా మెరిసేవి బ్రాంజైటు అనే ఖనిజపు చుక్కలు. రాయి ఘనపు మీటరుకు దాదాపు 3 టన్నులు తూగుతుంది. పొడవు 2.8 మీటర్లు, వెడల్పు 1.8, ఎత్తు 1.5 ఉన్న దిమ్మ ఒక్కటే 22 టన్నులకు పైమాట. 169 మీటర్ల పొడవు, ఐదు హోల్డులు, ఒక్కొక్కటి 30 టన్నులు ఎత్తగల నాలుగు క్రేన్లు ఉన్న మా ఓడలో, హోల్డు అడుగున రెండు వరుసలు, అక్కడక్కడ మూడు వరుసలు పేర్చేసరికే బరువు లెక్క సరిపోయింది. ఆ పైనంతా గాలి. బరువు ఇలా అట్టడుగున చేరినప్పుడు ఓడ నడక మారిపోతుంది. పక్కకు ఒరిగితే నింపాదిగా తేరుకోవడం పోయి, తంజావూరు బొమ్మలా ఒక్క ఉదుటున లేచి నిలబడుతుంది. అరేబియా సముద్రంలో రుతుపవనం చివరి కెరటాలకు వారం రోజుల పాటు మేము కంచంలో పప్పు నిలుపుకోలేకపోయాం. ఆ కుదుపులకు దిమ్మల మధ్య కొట్టిన చెక్క చీలలు ఎక్కడ వదులయ్యాయోనని, ఖలాసీలకు పెద్ద అయిన బోసన్ గారు రోజూ ఉదయం ఐదు హోల్డుల్లోకీ దిగి, సుత్తితో ఒక్కొక్క చీలనూ కొట్టి చూసి వచ్చేవారు. ఇరవై టన్నుల రాయి హోల్డులో ఒక్క అంగుళం జరగడం మొదలుపెడితే, అది ఓడ పక్కరేకును తాకే దాకా ఆగదు.

ఎర్రసముద్రం, సూయజ్ కాలువ, మెస్సీనా జలసంధి దాటి పందొమ్మిది రోజుల తరువాత లిగూరియన్ సముద్రంలో ప్రవేశించాం. తీరం ఇంకా దూరంగా ఉండగానే అపువాన్ కొండలు కనిపించాయి, వాటి భుజాల మీద తెల్లని చారలతో సహా. స్టీరింగు దగ్గర ఉన్న సోంపేట కుర్రాడు, “సార్, సెప్టెంబరులోనే ఇక్కడ మంచు పడిపోయిందా?” అని అడిగాడు. ఆ కొండలను మొదటిసారి చూసే నావికులందరూ దాదాపు ఇదే ప్రశ్న వేస్తారు. అది మంచు కాదు, రెండు వేల ఏళ్లుగా పాలరాయి తవ్వగా మిగిలిన తుక్కు. క్వారీల నోటి నుంచి లోయల్లోకి జారిపోయి అలా పేరుకున్న ఆ రాతి గుట్టలను అక్కడివారు రవనేతి అంటారు.

క్రీస్తుపూర్వం 177లో రోమన్లు ఈ దగ్గరలోనే లూని అనే వలస పట్టణాన్ని కట్టి, దాని రేవు నుంచే పాలరాతిని రోముకు పంపారు. రోములో ట్రాజన్ స్తంభం ఆ రాయే. తరువాతి శతాబ్దాలలో కొండ మీది నుంచి దిమ్మలను కొయ్య దుంగల మీద తాళ్లతో జారవిడిచి, ఎడ్లబండ్ల మీద సముద్రపు ఇసుక దాకా లాగి, అక్కడ పడవలకు ఎక్కించేవారు. వాల్టన్ అనే ఇంగ్లీషు వర్తకుడు 19వ శతాబ్దం మధ్యలో సముద్రంలోకి ఒక పొడవాటి వంతెన కట్టించాకే దిమ్మను నేరుగా ఓడలోకి దించడం వీలయింది. 1876లో క్వారీల నుంచి కిందికి పాలరాతి రైలు మొదలై 1964 దాకా నడిచింది. ఇవన్నీ రాయిని బయటికి పంపడానికి కట్టుకున్నవి. అదే రేవుకు ఇప్పుడు మేము రాయి మోసుకొని రావడం చీఫ్ ఆఫీసరుకు ఎందుకో అంతుపట్టలేదు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. కొండ ఇచ్చింది పాలరాయి ఒక్కటే అయినా, తరతరాలుగా రాయి కోసే యంత్రాలు, మెరుగు పెట్టే చేతులు, కొనుగోలుదారులు, అన్నీ అక్కడ చేరాయి. అందుకే భారతదేశం, బ్రెజిల్, దక్షిణాఫ్రికాల గ్రానైటు కూడా కోతకు ఆ ఊరినే వెతుక్కుంటూ వస్తుంది.

రేవు చిన్నది. పడమటి గోడ, తూర్పు గోడ అనే రెండు అలల అడ్డుగోడల మధ్య ఒకే ఒక్క జలాశయం ఉంది. దాని చుట్టూ తలియెర్చో, కియేజా, ఫియోరిల్లో, బుస్కయోల్ అనే పేర్లున్న రేవుగట్లు ఉన్నాయి. పరిపాలన లా స్పెజియా రేవుతో కలిపి ఒకే అథారిటీ చేతిలో ఉంది. 2016లో ఇటలీ తన రేవులను ఇలా జంటలుగా, గుంపులుగా కలిపింది. తీరమంతా ఇసుక కావడంతో ముఖద్వారం దగ్గర మేట వేస్తూనే ఉంటుంది, తవ్వుతూనే ఉండాలి. మధ్యధరాలో ఆటుపోట్లు లెక్కలోకి రానంత తక్కువ, ఆ తీరంలో జానెడు మించి పెద్దగా ఉండవు. హుగ్లీలోనో, కాండ్లాలోనో అయితే లోతు చాలని ఓడ పోటు కోసం కాచుకుని లోపలికి వస్తుంది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. ఈ రోజు లోతు చాలకపోతే రేపూ చాలదు. అందుకనే కృష్ణపట్నంలో సరుకు ఎక్కించేటప్పుడే, సూయజ్‌కూ కర్రారాకూ మధ్య ఓడ ఎంత ఇంధనం, మంచినీరు తాగుతుందో లెక్కగట్టి, చేరే నాటికి ముందూ వెనకా సమానంగా మునిగి ఉండేలా పేర్పు నిర్ణయించాం.

లంగరు వేసి ఒకటిన్నర రోజు ఎదురు చూశాక, ఓడను రేవులోకి నడిపించే పైలట్ వచ్చాడు. ఓడలను లాగే రెండు టగ్గు పడవలు పట్టుకోగా, ఆ ఇరుకు నీటిలో ఓడను తన చుట్టూ తాను తిరిగేలా తిప్పి, ముక్కు సముద్రం వైపు ఉండేట్టు గట్టుకు చేర్చారు. మోకులు అందుకునే పని ఇటలీలో ఒక ప్రత్యేక వృత్తి. ఓర్మెజ్జాతోరి అనే ఆ మనుషులు చిన్న పడవలో మా ముక్కు కిందికి వచ్చి, తడిసిన మోకును ఒంటిచేత్తో అందుకుని, గట్టు మీది ఇనుప గుంజకు తగిలించిన తీరు చూసి బోసన్ గారు, “బాబూ, వీళ్లు మా భావనపాడు వాళ్లలా ఉన్నారే” అన్నారు. ఆయన నోట అంతకు మించిన మెప్పు నేను ఎప్పుడూ వినలేదు.

నిచ్చెన దించగానే ఆరోగ్య అనుమతి, కస్టమ్స్, సిబ్బంది జాబితా వంటి కాగితాలు ఒక గంటలో ముగిశాయి. ఓడ సరుకు దించడానికి సిద్ధంగా ఉందన్న నోటీసు మీద వేళ వేసి ఏజెంటు సంతకం చేశాడు. ఆలస్యమైతే డబ్బు ఎవరు ఎవరికి చెల్లించాలో తేల్చే గడియారం అక్కడి నుంచే మొదలవుతుంది కాబట్టి, ఆ ఒక్క కాగితం విషయంలో మా కెప్టెన్ నిమిషాలతో సహా పట్టుబట్టారు. జనరేటర్లను గంధకం 0.1 శాతం మించని డీజిలు మీదికి మార్చాం. యూరోపియన్ యూనియన్ రేవుల్లో బెర్తు మీదున్న ఓడలకు 2010 నుంచీ ఉన్న నియమం అది. ఇప్పుడైతే, 2025 మే 1 నుంచి, మధ్యధరా అంతటా అదే హద్దు.

అసలు చిక్కు చెక్కల దగ్గర వచ్చింది. దిమ్మకూ ఇనుప నేలకూ మధ్య, దిమ్మకూ దిమ్మకూ మధ్య చెక్క దుంగలు పరుస్తారు. అవి లేకపోతే రాయి కింద నుంచి స్లింగు, అంటే ఎత్తే తాడు, దూర్చడానికి సందు ఉండదు, బరువు కూడా నేల మీద ఒక్కచోటే పడుతుంది. ఆ చెక్కలో పురుగు బతికి ఉంటే కొత్త దేశపు అడవిలోకి ప్రవేశిస్తుందని, చెక్క లోపలి భాగం 56 డిగ్రీల వేడిలో కనీసం 30 నిమిషాలు ఉండేలా శుద్ధి చేసి, గోధుమ కంకి బొమ్మ ఉన్న ముద్ర వేయాలని అంతర్జాతీయ నియమం. మా దుంగలన్నిటికీ ముద్ర ఉంది. అయితే కృష్ణపట్నంలో చీలలు చాలక, బోసన్ గారు గట్టు మీద దొరికిన సరుగుడు కర్రల ముక్కలు ఒక బస్తాడు చెక్కించి వాడారు. వాటికి ముద్ర ఎక్కడిది? తనిఖీకి వచ్చిన ఆవిడ ఒక్కొక్క హోల్డులో మోకాళ్ల మీద కూర్చుని, టార్చి వేసి, బెరడు ఉన్న ప్రతి ముక్కనూ తిరగేసి చూసింది. సరుగుడు ముక్కలు ఒక్కటి కూడా గట్టు మీద కాలు పెట్టకూడదని, ఓడలోనే మూటగట్టి ఉంచాలని రాసిచ్చింది. వాటిని ఏరి, లెక్కపెట్టి, ముక్కు దగ్గరి గదిలో పడేసి తాళం వేసేసరికి సాయంత్రమైంది. ఆ పూట ఒక్క దిమ్మ కూడా దిగలేదు.

మరునాడు ఉదయం రెండో హోల్డు హ్యాచ్, అంటే పై మూత, పూర్తిగా తెరిచినప్పుడు వచ్చిన వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. తడి మట్టి, తుప్పు, ఊరిన చెక్క కలిసిన ఆ వాసన తొలకరికి క్వారీ గుంటలో వచ్చేదే. దిమ్మల పక్కల్లో బెత్తెడు బెత్తెడు దూరాన అరచంద్రాకారపు డ్రిల్లు గాళ్లు పై నుంచి కింది దాకా ఉన్నాయి, ఆ గాళ్లలో ఎండి అట్టకట్టిన ఎర్రమట్టి ఉంది. వైరు రంపంతో కోసిన ముఖం మాత్రం నున్నగా, అద్దకం గుడ్డలా ఉంటుంది. ఒక చివరి ముఖం మీద ఎర్ర రంగుతో అమ్మకందారు గుర్తు, దాని కింద దిమ్మ నంబరు. రాయి ఎవరిదో, ఎంత కొలతదో, ఏ బిల్లు ఆఫ్ లేడింగు (ఓడకెక్కిన సరుకుకు ఇచ్చే రసీదు) కిందికి వస్తుందో చెప్పేది ఆ అరచేతి వెడల్పు రంగు ఒక్కటే.

దించే పద్ధతి నెమ్మదైనది. హ్యాచ్ నోటికి సూటిగా కింద ఉన్న దిమ్మలు ముందు లేస్తాయి. ఇద్దరు మనుషులు దిమ్మ రెండు చివర్లకు లోపలగా ఉక్కుతాడు స్లింగులు తొడిగి, అంచులు కోసుకుపోకుండా మూలల్లో రబ్బరు ముక్కలు పెట్టి, దూరంగా తప్పుకున్నాకే మూడోవాడు చెయ్యి ఎత్తుతాడు. క్రేను మొదట ఒక జానెడు ఎత్తి ఆపుతుంది. తాడు సమంగా పడిందా, దిమ్మ ఒక వైపు దిగుతోందా, రాతిలో పాత పగులు ఏదైనా నోరు తెరుస్తోందా అని ఆ కొద్ది క్షణాల్లో చూసుకోవాలి. అప్పుడు “పియానో, పియానో”, నెమ్మదిగా, నెమ్మదిగా అన్న కేకతో పైకి. 24 టన్నుల లోపు దిమ్మలను మా క్రేన్లతోనూ, అంతకు మించినవాటిని గట్టు మీది చక్రాల క్రేనుతోనూ తీయాలని ముందే అనుకున్నాం. స్లింగుల బరువు, కొక్కెం బరువు కూడా 30 టన్నుల హద్దులోనే ఇమడాలి. పైగా రాయి తూకం క్వారీ కాగితంలో చెప్పినదానికి ఒక టన్ను ఎక్కువే ఉండవచ్చునన్నది మా చీఫ్ ఆఫీసరు నమ్మకం.

నడిమి దిమ్మలు పోయాక పక్కల్లో, హ్యాచ్ అంచు చాటున ఉన్నవాటి వంతు వస్తుంది. అది అసలైన ప్రమాదపు ఘట్టం. నిన్నటి వరకు పక్కనున్న దిమ్మ ఆసరాతో నిలబడినది ఇవాళ ఒంటరిదవుతుంది, మూడో వరుసలో ఉన్నదైతే మరీను. పైగా క్రేను తాడును ఏటవాలుగా పోనిచ్చి దిమ్మను మధ్యకు ఈడ్చడం త్వరగా అయ్యే పని కాబట్టి ఏ రేవులోనైనా ఎవరో ఒకరికి ఆ ఆశ పుడుతుంది. అలా ఈడ్చిన దిమ్మ ఎప్పుడు ఊయలలా ఎదురు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఇక్కడ ఆ మాటే రాలేదు. పెద్ద ఫోర్కులిఫ్టును క్రేనుతో హోల్డులోకి దించి, అది ఒక్కొక్క దిమ్మనూ కింది దుంగల సందులో ఫోర్కు పెట్టి ఎత్తి, హ్యాచ్ నోటి కిందికి తెచ్చి పెట్టేది. రోజుకు ఆరేసి గంటల షిఫ్టులు రెండు, మూడు గ్యాంగులు. ఒక్కొక్క గ్యాంగు మంచి షిఫ్టులో నలభై ఐదు, యాభై దిమ్మలు తీసేది. కృష్ణపట్నంలో ఇంతకంటే వేగంగా ఎక్కించామని ఒక్క మాట అంటే, వాళ్ల ఫోర్‌మన్ తన ఎడమచేతిని చూపించాడు. దానికి రెండు వేళ్లు లేవు. ఆ తరువాత నేను వేగం సంగతి ఎత్తలేదు.

గట్టు మీద దిగిన దిమ్మను మరో ఫోర్కులిఫ్టు తూకం వంతెన మీదికి, అక్కడి నుంచి ఆరుబయటి యార్డులో కొనుగోలుదారు వారీగా గీసిన వరుసల్లోకి చేర్చేది. మా నల్ల వరుసల పక్కనే, ఒక చిన్న దారి అవతల, ఎగుమతికి వచ్చిన పాలరాతి దిమ్మలు తెల్లగా నిలబడి ఉన్నాయి. అవతలి గట్టు మీద దగ్గరి ఊళ్లలో బిగించిన గ్యాస్ టర్బైన్ మాడ్యూలు ఒకటి, నాలుగంతస్తుల ఇల్లంత ఎత్తున, లెక్కలేనన్ని చక్రాల ట్రైలరు మీద ఓడ కోసం కాచుకుని ఉంది. సార్డినియా దీవికి పోయే రో-రో ఓడ, అంటే బళ్లు చక్రాల మీదే ఎక్కి దిగే ఓడ, వచ్చినప్పుడు ట్రైలర్లు గంటలోనే దిగి, ఎక్కి పోయేవి. దాని ముందు మా పని ఎడ్లబండి కాలంలో ఉన్నట్టు అనిపించేది. కొండ నుంచి తెచ్చే పాలరాతిలో ఎక్కువ భాగం దిమ్మలుగా కాక పొడిగా మారి కాగితంలోకి, రంగుల్లోకి, మనం పళ్లు తోముకునే పేస్టులోకి పోతుందని ఏజెంటు చెప్పినప్పుడు సోంపేట కుర్రాడు నమ్మలేదు. రేవు పక్కన సముద్రంలో కలిసే కర్రియోనే వాగు ఒక్కోసారి పాలు పోసినట్టు తెల్లగా పారడం చూశాక నమ్మాడు.

సరుకు దిగేకొద్దీ ఓడ తేలుతుంది. మా ఓడకు సుమారు 40 టన్నులు దిగితే ఒక సెంటీమీటరు లేచేది, అంటే మంచి షిఫ్టులో ఒక మనిషి చెయ్యంత ఎత్తు. కాబట్టి మోకులు వదులు చేస్తూ, నిచ్చెన సర్దుతూ, ఓడ ఒక వైపు ఒరగకుండా తొట్లలో నీరు పడుతూ ఉండడం నా కాపలాలో సగం పని. మూడో రోజు రాత్రి నైరుతి నుంచి లిబెచ్చో అనే గాలి లేచింది. అడ్డుగోడలు అలను ఆపుతాయి గానీ, దాని వెనక వచ్చే పొడవాటి ఉబ్బును పూర్తిగా ఆపలేవు. ఓడ గట్టు వెంట ముందుకూ వెనక్కూ రెండు మీటర్ల మేర ఊగడం మొదలుపెట్టింది, రబ్బరు ఫెండర్లు గేదెల్లా మూలిగాయి. గాలిలో వేలాడే 20 టన్నుల రాయికి ఆ ఊపు అందితే జరిగేది ఏమిటో అందరికీ తెలుసు. పని ఆపేశారు. అదనంగా నాలుగు మోకులు వేసి, రాత్రంతా వాటి పక్కన నిలబడ్డాం. మరునాటి సాయంత్రానికి గాని సముద్రం చల్లబడలేదు.

ఆ ఖాళీలోనే నా తప్పు బయటపడింది. పని లేదు కదా అని టాలీ కాగితాలు, అంటే దిగిన దిమ్మల లెక్క రాసినవి, ముందేసుకుని, దిగిన నంబర్లను బిల్లుల ప్రకారం కొట్టివేస్తూ కూర్చున్నాను. 968 నంబరు దిమ్మ రెండుసార్లు దిగింది. రెండో రోజు రెండో హోల్డు నుంచి ఒకసారి, మూడో రోజు నాలుగో హోల్డు నుంచి మరోసారి. రెండో హోల్డులో ఉండవలసిన 896 మాత్రం ఎక్కడా దిగలేదు, హోల్డులో చూస్తే అక్కడా లేదు. రెండు నంబర్లూ ఇద్దరు వేర్వేరు కొనుగోలుదారులవి. ఆ రోజు గట్టు మీది గుమాస్తాకు నంబర్లు కేకేసి చెప్పింది నేనే కాబట్టి, అతని కాగితంలోనూ అదే తప్పు ఉంది. ఒకరి రాయి ఇంకొకరి వరుసలో చేరింది, గాలి తగ్గితే మర్నాడు ఉదయమే లారీ ఎక్కి గేటు దాటుతుంది.

వాన తుంపరలో యార్డుకు వెళ్లాను. టాలీ గుమాస్తా రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, ఇంగ్లీషు అంతంత మాత్రం. నేను చెప్పింది విని ఏమీ మాట్లాడకుండా, తన కాగితం వెనక 896 అని పెద్దగా రాశాడు. “ఒత్తో, నోవె, సేయి” అని ఒక్కొక్క అంకె మీదా వేలు పెట్టాడు. కాగితాన్ని జీపు బానెట్ మీద తలకిందులుగా తిప్పాడు. “నోవె, సేయి, ఒత్తో.” 968.

ఇద్దరం వరుసలో ఆ దిమ్మ దగ్గరికి నడిచాం. అమ్మకందారు గుర్తును స్లింగు రాపిడి చెరిపేసింది, అది ఉండి ఉంటే ఏది పైనో తెలిసేది. నంబరు ఒక్కటి మిగిలింది, నాకు 968 అని చక్కగా చదవడానికి వీలుగా. ఆయన దగ్గరగా వంగి, అంకెల నుంచి కారి ఎండిన సన్నని ఎర్ర చారలను వేలితో చూపించాడు. ఆ చారలు అంకెల పైన ఉన్నాయి. రంగు కొండెక్కినట్టు పైకి కారింది. అంటే క్వారీలో రాసినప్పుడు ఈ ముఖం తలకిందులుగా ఉండేది, ఆ తరువాత ఎక్కడో లారీకో ఓడకో ఎక్కించేటప్పుడు దిమ్మ పొర్లింది. మా నాన్న పనిచేసే క్వారీలో రంగు డబ్బా పట్టుకుని నంబర్లు వేసే మనుషుల పక్కన నా చిన్నతనమంతా నేను నిలబడి చూశాను, రాతి మీద ఆ రంగు ఎలా కారుతుందో నాకు తెలియక కాదు. ఆ రోజు ఎనిమిది గంటలుగా అంకెలు చదువుతున్నాను, అంకెలే చూశాను. టేపు పెట్టి కొలిచాం: 285, 175, 150 సెంటీమీటర్లు. జాబితాలో 896 కొలతలు అవే. అసలు 968 రెండు వరుసల అవతల, 270, 190, 160 కొలతలతో ఉంది.

దిమ్మను సరైన వరుసకు మార్పించి, రెండు కాగితాల్లోనూ తప్పును కొట్టివేసి పక్కన ఇద్దరం సంతకాలు చేశాం. చీఫ్ ఆఫీసరుకు చెప్పినప్పుడు ఆయన కోప్పడలేదు, మిగిలిన దిమ్మల్లో ఇలా తిరగేస్తే ఇంకో అంకెగా మారేవి ఎన్నో రాసి తెమ్మన్నారు. మొత్తం పదిహేడు తేలాయి. 698, 989 లాంటివి తిరగేసినా, మారి వచ్చే నంబరు జాబితాలో ఉంటేనే చిక్కు, లేకపోతే పొరపాటు వెంటనే దొరికిపోతుంది. అలా నిజంగా ప్రమాదమున్నవి నాలుగు. వాటిని దించేటప్పుడు టేపుతో కొలవకుండా కొక్కెం విప్పనివ్వలేదు. సరుకు పంపినవారికి కెప్టెన్ రాసిన ఉత్తరంలో, ఇకపై 6కూ 9కీ కింద అడ్డగీత వేయించమన్న ఒక్క వాక్యం నేను చేర్పించాను.

తరువాతి రోజుల పని చెప్పుకోదగ్గంత లేకుండా సాగింది. ఆ గుమాస్తా తన మధ్యాహ్నపు విరామంలో నన్ను దగ్గరలోని ఒక కోతమిల్లుకు తీసుకెళ్లాడు. అక్కడ పాత పద్ధతి గ్యాంగ్ రంపం, పదుల కొద్దీ ఉక్కు పట్టీలు ఉయ్యాలలా ఊగుతూ, ఉక్కు రవ్వ, సున్నం, నీరు కలిసిన జావను రాతి మీద రుద్దుతూ, గంటకు కొద్ది సెంటీమీటర్ల చొప్పున దిగుతోంది; ఒక దిమ్మ పలకలు కావడానికి రోజులు పడుతుంది. పక్క షెడ్డులో వజ్రపు పూసల తీగలతో కోసే కొత్త యంత్రం అదే పనిని గంటల్లో ముగిస్తోంది. చీమకుర్తి చుట్టూ ఇలాంటి రంపాలు ఎప్పుడో వచ్చాయి. అయినా మంచి దిమ్మలు దిమ్మలుగానే ఓడ ఎక్కుతూ ఉండడం నాకు అంత నచ్చే సంగతి కాదు, ఆ ఓడ మీద జీతం తీసుకుంటున్నవాణ్నే అయినా సరే.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఐదో హోల్డు నుంచి 1,012వ దిమ్మ దిగింది. ముందు, మధ్య, వెనక ఓడ మునక గీతలు చదివి, తొట్లలోని నీటినీ ఇంధనాన్నీ తీసివేసి లెక్క కట్టిన సర్వేయరు సంఖ్య, తూకం వంతెన సంఖ్య, బిల్లుల సంఖ్య మూడూ ఒకదానికొకటి అందనంత దూరంలో ఏమీ లేవు. సంతకాలయ్యాయి. ముద్ర ఉన్న దుంగలు గట్టు మీదికి పోయాయి, సరుగుడు ముక్కలు తాళం వెనకే ఉండిపోయాయి.

మిగిలింది హోల్డులు ఊడవడం. మధ్యధరా సముద్రం చెత్త విషయంలో ప్రత్యేక ప్రాంతం కాబట్టి, సరుకు మిగులును ఓడ మీది నుంచి నీళ్లు కొట్టి సముద్రంలోకి తోసేయడం కుదరదు. బోసన్ గారు, నలుగురు ఖలాసీలు చీపుళ్లు, పారలు పట్టుకుని ఐదు హోల్డులూ ఊడ్చి, దిమ్మల గాళ్ల నుంచి రాలిన ఎర్రమట్టి, రాతి పొడి, చెక్క పేళ్లు బస్తాలకెత్తారు. పేళ్లు ఏరి పక్కన పెట్టాక మట్టి ఆరు బస్తాలైంది. బోసన్ గారు ఒక బస్తా మూతి కట్టబోతూ ఆగి, “బాబూ, మీ ఊరి మట్టి కదా, కాస్త ఉంచమంటారా?” అని అడిగారు. తనిఖీ ఆవిడ టార్చి గుర్తొచ్చి వద్దన్నాను. చీకటి పడ్డాక రేవు చెత్త బండి వచ్చి ఆరు బస్తాలూ ఎత్తుకుని రసీదు ఇచ్చింది. దాని మీది అంకెను రెండుసార్లు చదువుకుని చెత్త రికార్డు పుస్తకంలో ఎక్కించాను: సరుకు మిగులు, 0.3 ఘనపు మీటర్లు, గట్టుకు అప్పగింత, మరీనా ది కర్రారా.